నాకు నీళ్లియ్యని మనిషికి నేను నీళ్లియ్యాలా?

చీనీ తోట · అనంతపురం జిల్లా · ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఈ గ్రూపులో అందరూ రాసేవి చదువుతున్నాను గానీ ఎప్పుడూ రాయలేదు. మూడు రాత్రులుగా నిద్ర లేదు, అందుకే రాస్తున్నా.

నాకు మూడెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. తొమ్మిదేళ్ల చెట్లు. రెండు బోర్లలో ఒకటి పోయినేడు ఎండిపోయింది, ఇంకొకటి రెండించులు పోస్తోంది. డ్రిప్పు మీద ఎట్లో నెట్టుకొస్తున్నాను. గట్టు పక్క చేనాయనదీ చీనీయే. నాలుగేళ్లు దాటినాయి, వచ్చే ఏడు తొలి కాపు చూడాల. ఉగాది అయిన పది రోజులకు ఆయన బోరు గాలి కొట్టింది. అప్పు చేసి కొత్త బోరు వేయించినాడు. రాత్రంతా బండి మోగింది. తెల్లారి చూస్తే తెల్లటి దుమ్ము తప్ప తడి లేదు.

గురువారం పొద్దుగూకినాక మా ఇంటికి వచ్చినాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, మెట్టు మీదే కూర్చున్నాడు. "వానలు పడేదాకా నాలుగైదు రోజులకొక తడి ఇయ్యి అన్నా. కాయ వద్దు, చెట్టు బతికితే చాలు" అన్నాడు.

పదకొండేళ్ల కింద ఇదే గతి నాది. అప్పటి నా తోటకు పన్నెండేళ్లు, నిండు కాపు మీద ఉంది. ఆయన బోరు మూడించులు పోసేది, వరి పెట్టినాడు. నేనూ ఇట్లే పోయి అడిగినా. "నాకే చాలడం లేదు" అన్నాడు. మడిలో నీళ్లు నిలబడి ఉన్నాయి, ఇద్దరం ఆ గట్టు మీదే నిలబడి ఉన్నాం. మే నెలాఖరుకు ఆకులు ముడుచుకుని రాలిపోయినాయి. చెట్లన్నీ కొట్టించి కట్టెలకింద అమ్మినా. కొట్టిన మొద్దుల్లో కొన్నిటికి లోపల ఇంకా పచ్చిగా ఉండింది. ఇంకో పది రోజులు తడి తగిలుంటే బతికేవి.

మావాడేమో "మనకు ఏం చేసినాడో అదే చేద్దాం నాయనా, ఎక్కువ వద్దు తక్కువ వద్దు" అంటున్నాడు. మా ఇంట్లో ఆమె "ఆయన చేసినాడు సరే, చెట్టేం చేసింది?" అంటుంది.

పదో తరగతిలో మా తెలుగు అయ్యవారు "ఒరులేయవి యొనరించిన" పద్యం బట్టీ పట్టించినాడు. ఇప్పటికీ ఒక్క అక్షరం మరిచిపోలేదు. ఎదుటివాళ్లు మనకు ఏం చేస్తే మనసుకు కష్టమో అది మనం వాళ్లకు చేయకూడదు. ఈ ఒక్క మాట మీద ఒక ఊరు నడుస్తుందా? లేక అది మార్కుల వరకేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

రాగిసంగటి · కదిరి · ఆదివారం రాత్రి 9:32

ఇయ్యొద్దన్నా. మీ బోరు, మీ అప్పు, మీ చెట్లు. రేపు మీది గాలి కొడితే ఈ గ్రూపులో ఎవరూ ట్యాంకర్ పంపరు. పద్యాలు చెప్పేవాళ్లకు పొలం ఉండదు.

సీమ అయ్యవారు · ప్రొద్దుటూరు · ఆదివారం రాత్రి 10:05

నాయనా, ముప్పై రెండేళ్లు జిల్లా పరిషత్ బడుల్లో ఆ పద్యం చెప్పినవాణ్ణి నేను. ప్రతిపదార్థం రాయించినాను, ఛందస్సు గుర్తుపట్టించినాను. ఇది నీ చేలో ఎక్కడ పనికొస్తుందిరా అని ఒక్క పిల్లవాణ్ణి కూడా అడగలేదు. నీ ప్రశ్న చదివినప్పటి నుంచి అదే బాధగా ఉంది.

పద్యంలో ఏముందో ముందు చూద్దాం. పదమూడో శతాబ్దంలో తిక్కన భారతంలో రాసిన కందం ఇది. "నరవరా" అని ఒక రాజును పిలిచి చెప్పిన మాట. ఇతరులు ఏ పనులు చేస్తే తన మనసుకు అప్రియం కలుగుతుందో, ఆ పనులు తాను ఇతరులకు చేయకుండా ఉండటమే ధర్మమార్గాలన్నిటికీ పరమాశ్రయం అని భావం. "పరాయణము" అన్న మాట బరువైనది. దారులన్నీ చివరికి చేరే చోటు అని.

గమనించు. వాళ్లు నీకు ఏం చేశారు అన్న లెక్క ఇందులో ఎక్కడా లేదు. చేస్తే నీ మనసుకు ఎలా ఉంటుంది అన్నదే కొలత. నీకు ఆ కొలత ఎవరూ చెప్పనక్కర్లేదు. పచ్చి మొద్దు గురించి నువ్వే రాశావు.

ఇది మనవాళ్లు మాత్రమే చెప్పిన మాట కాదు. జీవితమంతా పాటించదగిన ఒక్క మాట చెప్పమని శిష్యుడు అడిగితే కన్ఫ్యూషియస్ చెప్పింది ఇదే: నీకు వద్దనుకున్నది పరులకు చేయకు. ఒంటికాలి మీద నిలబడ్డంత సేపట్లో ధర్మశాస్త్రమంతా చెప్పమన్న మనిషికి యూదు గురువు హిల్లెల్ కూడా ఇదే చెప్పి, మిగతాదంతా దీనికి వ్యాఖ్యానమే, పోయి చదువుకో అన్నాడు. ఏసుక్రీస్తు కొండమీద ప్రసంగంలో దాన్నే తిప్పి చెప్పాడు: మీకు ఇతరులు ఏం చేయాలని కోరుకుంటారో అదే మీరు వాళ్లకు చేయండి. ఒకరినొకరు చూడని మనుషులు, వేర్వేరు కాలాల్లో, వేర్వేరు భాషల్లో ఒకే చోటికి వచ్చారు. అది ఊరికే జరగదు.

దర్గా వీధి · కడప · ఆదివారం రాత్రి 10:21

అయ్యవారూ, మా ప్రవక్త మాట కూడా కలుపుకోండి. తన కోసం ఇష్టపడేదాన్ని తన సోదరుడి కోసం కూడా ఇష్టపడనంత వరకు మీలో ఎవరూ నిజమైన విశ్వాసి కాలేరు. హదీసుల్లో చాలా పేరున్న మాట ఇది. బాధ పెట్టకపోతే చాలు అనడం లేదు చూడండి. ఎదుటివాడికి మేలు జరగాలని మనసులోనే కోరుకోవాలి అంటుంది. అది కష్టం. మా అమ్మమ్మ ఉగాది రోజు దేవుని కడప గుడికి వెళ్లి బియ్యం, బెల్లం ఇచ్చి వచ్చేది. మా వీధిలో చాలామంది వెళ్లేవాళ్లు, ఇప్పటికీ వెళ్తారు. ఆమెకు చదువు రాదు గానీ, పక్కింట్లో పొయ్యి వెలగలేదని తెలిస్తే మా ఇంట్లో ముద్ద దిగేది కాదు. అన్నా, మీరు ఇయ్యండి.

పెన్నేటి పిల్ల · అనంతపురం · ఆదివారం రాత్రి 11:02

నేను శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పీజీ చేస్తున్నాను. అయ్యవారి మాట మీద గౌరవంతోనే కొన్ని ఇబ్బందులు చెప్తాను. ఈ సూత్రాన్ని పెద్ద పెద్ద వాళ్లే ఒప్పుకోలేదు.

జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో దీన్ని నీతికి పునాదిగా తీసుకోలేమన్నాడు. ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి అచ్చంగా ఈ బోరు గొడవకు సరిపోతుంది. ఒకడు "నాకు ఎవరి సాయమూ వద్దు, నేనూ ఎవరికీ చేయను" అని హాయిగా ఒప్పుకుంటే, ఈ సూత్రం ప్రకారం వాడిని తప్పు పట్టలేం. రెండోది, శిక్ష వేసే జడ్జితో నేరస్థుడు "నా స్థానంలో మీరుంటే శిక్ష కోరుకుంటారా?" అని వాదించొచ్చు.

బెర్నార్డ్ షా 1903లో ఇంకో మాట అన్నాడు. మీకు ఏది కావాలో అది ఇతరులకు చేయకండి, వాళ్ల ఇష్టాలు వేరై ఉండొచ్చు అని. ఇది నాకు హాస్టల్లోనే తెలిసింది. నాకు బాధ వస్తే పక్కన కూర్చుని మాట్లాడించాలి. నా రూమ్మేట్ వాళ్ల నాన్న చనిపోయినప్పుడు నేను అదే చేశాను, రోజంతా వదల్లేదు. నాలుగో రోజు ఆ పిల్ల మేడ మీద నీళ్ల ట్యాంకు వెనకాల కూర్చుని కనబడింది. "ఒక్కదాన్నే ఉండాలనిపిస్తోంది, నీకు చెప్పలేకపోయినా" అంది. నాకు ఏం కావాలో అది ఇచ్చాను. తనకేం కావాలో అడగలేదు.

కాబట్టి "ఆ చోట నేను ఉంటే" అనుకోవడం చాలదు. "ఆ చోట ఉన్నది తనే" అని కూడా అనుకోవాలి. చీనీ తోట అన్న విషయంలో ఈ ఇబ్బంది లేదు, చెట్లకు నీళ్లు కావాలని ఆయనే వచ్చి అడిగాడు. కానీ అన్నిటికీ పునాది ఇదే అంటే మాత్రం నేను ఒప్పుకోలేను.

హంద్రి ఒడ్డు · కర్నూలు · సోమవారం ఉదయం 7:15

నేను కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. చట్టం ఏమంటుందో చెప్తాను, ఎందుకంటే చాలామంది ఊహించుకునేది వేరు.

మీ భూమి కింద ఊరే నీళ్లను తోడుకునే హక్కు భూమి యజమానికి ఉంటుందని 1882 నాటి ఈజ్‌మెంట్ల (ఇతరుల భూమి మీద ఉండే వాడుక హక్కుల) చట్టం నుంచీ వస్తున్న మాట. తర్వాత మన రాష్ట్రంలో 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది, అందరూ వాల్టా అంటారు. కొత్త బోరుకు అనుమతి కావాలి, దాహానికి వాడే బోరు పక్కన ఇష్టమొచ్చినట్టు వేయకూడదు, ఇలాంటివి అందులో ఉన్నాయి. పక్క చేనికి నీళ్లు ఇచ్చి తీరాలని మాత్రం ఎక్కడా లేదు. ఇవ్వకపోతే మీ మీద ఏ కేసూ నిలవదు. ఆయన ఆనాడు ఇవ్వకపోయినా నిలిచేది కాదు.

జడ్జి గురించి అమ్మాయి చెప్పింది నేను రోజూ చూస్తాను. ముద్దాయి తల్లి వచ్చి కాళ్ల మీద పడుతుంది. ఆ చోట నేనుంటే అని ఒక్క క్షణం అనుకున్నా మనసు కరిగిపోతుంది. తల తిప్పితే అవతలి బెంచీ మీద చనిపోయిన పిల్లవాడి తల్లి కూర్చుని ఉంటుంది. ఆమె ఏడవను కూడా ఏడవదు. ఎవరి చోట నిలబడి ఆలోచించాలి? ఈ సూత్రం ఇద్దరి మధ్య బాగా పనిచేస్తుంది. ముగ్గురయ్యేసరికి అందరి చోటా నిలబడాలి, అది ఒక్క మనిషి గుండెకు మించిన పని. అందుకే రూల్సు, సాక్ష్యాలు, అప్పీళ్లు. అయితే ఆ రూల్సు రాసేవాడు ఒక్కసారైనా ఆ ఇద్దరు తల్లుల చోటా నిలబడకపోతే, ఆ రూల్సు కూడా ఎందుకూ పనికిరావు.

రాగిసంగటి · కదిరి · సోమవారం ఉదయం 7:40

అందరూ పాటిస్తే మంచిదే, ఎవరు కాదన్నారు. ఒకడు పాటించి ఒకడు పాటించకపోతే పాటించినవాడి తోటే ఎండుతుంది. అన్న తోట ఎండింది. ఆయన వరి పండింది. దీనికి ఎవరూ జవాబు చెప్పడం లేదు.

ఎర్రమల · కర్నూలు జిల్లా · సోమవారం మధ్యాహ్నం 1:20

రాగిసంగటి తమ్ముడికి నేను చెప్తాను.

మా ఊరు పేరు రాయను. రెండు వర్గాల ఊరు. నా చిన్నప్పుడు చీకటి పడితే మా నాయన తలుపుకు అడ్డంగా ఇనుప కమ్మీ వేసేవాడు. మా అమ్మ దీపం ఆర్పి, వీధిలో నడిచే కాళ్ల చప్పుడు వినేది. చెప్పుల చప్పుడును బట్టి మనవాళ్లా కాదా అని చెప్పేది. ఐదేళ్ల పిల్లోణ్ణి, నాకూ ఆ చప్పుళ్లు తెలిసేవి. మా చిన్నాయన ఒక సంక్రాంతికి ముందు పొలం నుంచి ఇంటికి రాలేదు. ఎద్దుల బండి ఒక్కటే వచ్చింది.

ఆ తర్వాత మావాళ్లు ఏం చేసినారో కూడా నాకు తెలుసు. దాన్ని న్యాయం అనే అన్నారు. "వాళ్లు మనకు చేసిందే మనం చేసినాం, అంతకు మించి లేదు." ఇదే మాట ఇదే పదాలతో అవతలి ఇంట్లో కూడా అన్నారని పెద్దయ్యాక వాళ్ల పిల్లోడే నాకు చెప్పినాడు, బెంగళూరులో ఒకే కంపెనీలో పనిచేసేవాళ్లం. వాళ్ల లెక్క వేరే చోట మొదలైంది. మాకు మా చిన్నాయనతో మొదలు. వాళ్లకు అంతకు నాలుగేళ్ల ముందు వాళ్ల మామతో. ఆ మామ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు.

"నాకు చేసింది" అనేది ఒక కొలత. "నాకు చేస్తే" అనేది ఇంకో కొలత. వినడానికి ఒకేలా ఉంటాయి. మొదటిది పట్టుకుని మా ఊర్లో ఇరవై ఏళ్లు బతికినాం. మా బళ్లో కూడా ఒరులేయవి పద్యం చెప్పినారు. మేము దాన్ని మొదటి కొలతతోనే చదువుకున్నాం.

చీనీ తోట అన్నా, మీ కొడుకు అన్న మాట, ఎక్కువ వద్దు తక్కువ వద్దు అన్నాడు చూడండి, అది చదివి నా చేతులు చల్లబడినాయి. మీ మధ్య ఉన్నది నీళ్ల తగాదానే, నాకు తెలుసు. కానీ ఆ మాట నాకు బాగా తెలిసిన మాట.

పెన్నేటి పిల్ల · అనంతపురం · సోమవారం మధ్యాహ్నం 2:05

ఎర్రమల అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. రాగిసంగటి గారి ప్రశ్నకు ఒక జవాబు గుర్తొచ్చింది.

రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ అనే అమెరికా ఆచార్యుడు 1980 ప్రాంతంలో కంప్యూటర్ ప్రోగ్రాముల మధ్య పోటీ పెట్టాడు. ప్రతిసారీ ఎదుటివాడితో సహకరించాలా, మోసం చేయాలా అని తేల్చుకోవాలి, ఇదే ఆట మళ్లీ మళ్లీ ఆడాలి. గెలిచింది చాలా చిన్న ప్రోగ్రాము. మొదట మంచిగా మొదలుపెడుతుంది, ఆ తర్వాత ఎదుటివాడు ఏం చేస్తే అది చేస్తుంది. అచ్చం చీనీ తోట అన్న కొడుకు చెప్పినట్టే.

కానీ దానికో రోగం ఉంది. ఎక్కడో ఒకసారి పొరపాటు జరిగితే, అలాంటి ప్రోగ్రాములు రెండూ ఒకదాని మీద ఒకటి పగ తీర్చుకుంటూ ఆగకుండా పోతాయి. పొరపాట్లకు తావున్న చోట, అప్పుడప్పుడు ఒక దెబ్బను వదిలేసేది మేలని తర్వాత తేలింది. అన్నిటినీ వదిలేసేది కాదు, అది మునిగిపోతుంది. అప్పుడప్పుడు వదిలేసేది. కాబట్టి పాటించినవాడే ఎప్పుడూ నష్టపోతాడన్నది నిజం కాదు. ఒకే ఊర్లో, ఒకే గట్టు పక్కన, ముప్పై ఏళ్లు కలిసి బతకాల్సిన ఇద్దరి విషయంలో అసలే కాదు.

కాటా గుమస్తా · కర్నూలు · సోమవారం రాత్రి 8:48

మంచి మనిషి, చెడ్డ మనిషి అని మాట్లాడుకుంటున్నారు. నా సంగతి వినండి.

ఒక ఉల్లి మండీలో చీటీ రాస్తాను. రైతు సంచులు దించుతాడు, కాటా అవుతుంది. ఆ తర్వాత తరుగు. తడి ఉందని, పొట్టు ఉందని, మట్టి ఉందని క్వింటాలుకు ఇన్ని కిలోలని తీసేస్తారు. ఎంత తీయాలో నేను చెప్పను, రాసేది మాత్రం నేనే. మా నాయన ఉల్లి రైతు. నా పదో ఏట ఆయనతో లారీ మీద సంచుల పైన పడుకుని ఇదే ఊరికి వచ్చినాను. చీటీ చేతికి వచ్చినాక ఆయన దాన్ని మూడుసార్లు చదివి, మడిచి, ఏం మాట్లాడకుండా జేబులో పెట్టుకున్నాడు. నాకు బన్ను కొనిస్తానని చెప్పి తెచ్చినాడు, కొనలేదు.

నాకంటే బాగా ఆ చోటు ఎవరికి తెలుసు? తెలిసే రాస్తున్నాను. రాయకపోతే రేపు నా కుర్చీలో ఇంకొకడు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, ఫీజులు. ఒకసారి తరుగు తగ్గించి రాసినా, నెల జీతంలో పట్టుకున్నారు. మార్కెట్ మొత్తం ఒకవైపు వంగి ఉంటే ఒక్క గుమస్తా మనసు మంచిదైతే ఏమవుతుంది?

నేను చూసినంతలో రైతుకు కాస్త న్యాయం జరిగింది ఎలక్ట్రానిక్ కాటా వచ్చినాకనే. అంకె ఎర్రగా వెలుగుతా అందరికీ కనబడుతుంది. పాత త్రాసులో బొటనవేలు ఎక్కడ ఆనుతుందో దేవుడికే తెలిసేది. నా మంచితనం కంటే ఆ ఎర్ర అంకె ఎక్కువ పని చేసింది.

పాపాఘ్ని · కడప జిల్లా · సోమవారం రాత్రి 9:30

గుమస్తా అన్న మాటకు నా మాట కలుపుతాను.

మా ఊరి బస్టాపు దగ్గర టీ హోటల్ ఉండేది. నడిపే ఆయన చెడ్డవాడు కాదు, ఇది ముందే చెప్తున్నా. అప్పు ఇచ్చేవాడు. వేమన పద్యాలు, సుమతీ పద్యాలు నోట్లో ఆడుతుండేవి. మా పిల్లల్ని కూడా పద్యం చెప్పమని అడిగి, చెప్తే చెగోడీ ఇచ్చేవాడు. చెగోడీ చేతిలో పెట్టేవాడు కాదు, పైనుంచి వదిలేవాడు.

మా వాళ్ల గ్లాసులు బయట నిట్రాటకు కొట్టిన మేకులకు వేలాడుతుండేవి. మేమే తీసుకోవాలి, తాగినాక మేమే కడిగి అక్కడే తగిలించాలి. మా జేజి ఆ గ్లాసును కొంగుతో తుడిచేది, కడిగినా తుడిచేది. లోపలి గ్లాసులు గాజువి. మావి సొట్టలు పోయిన సత్తు గ్లాసులు.

ఆయన ఒరులేయవి పద్యం చదివినప్పుడు ఆ "ఒరులు" అన్న మాటలో మేము లేము. అబద్ధం చెప్పడం లేదు ఆయన. నిజంగానే ఆయన లెక్కలో లేము. ఈ సూత్రం ఎక్కడ మొదట విరుగుతుందంటే ఇక్కడ విరుగుతుంది. ఎదుటివాడిని నా చోట ఊహించుకోవాలంటే, ముందు వాడు నాలాంటివాడని అనిపించాలి కదా.

రాజ్యాంగం పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో ఒక చట్టం, 1989లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. మా ఊర్లో ఆ మేకులు ఊడింది మాత్రం పేపర్ కప్పులు వచ్చినాక. అందరికీ ఒకే కప్పు, తాగి పారేసేదే కాబట్టి. ఎవరి మనసూ మారనక్కర్లేకుండా పోయింది. మా నాయన మొదటిసారి పేపర్ కప్పులో టీ తాగి, ఆ కప్పు పారేయకుండా ఇంటికి తెచ్చినాడు. ఎందుకని నేను అడగలేదు.

చీనీ తోట అన్నను ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. పక్క చేనాయన మీ ఇంటి మెట్టు దాకా వచ్చి అడగగలిగినాడు. మీ ఊర్లో అడగడానికి కూడా రాలేనివాళ్లకు నీళ్లు ఎట్ల వస్తున్నాయి?

సగిలేటి గట్టు · కడప జిల్లా · సోమవారం రాత్రి 10:15

నేను కువైట్‌లో పదకొండేళ్లు ఇంటిపని చేసి వచ్చినదాన్ని. ఇక్కడ ఎప్పుడూ రాయలేదు.

అక్కడ మొదటి ఇంట్లో మేడమ్ పాస్‌పోర్టు తీసి బీరువాలో పెట్టుకుంది. రాత్రి ఒంటిగంటకు గిన్నెలు కడిగితే పొద్దున ఐదున్నరకు లేవాలి. వాళ్లు తిని లేచినాక మిగిలింది నాకు. రెండో ఇంట్లో ఆమె వేరే. అన్నం ముందు నాకు తీసి మూత పెట్టి, తర్వాత వాళ్లకు వడ్డించుకునేది. ఆ మూత పెట్టిన గిన్నె నేను చచ్చేదాకా మరువను.

తిరిగి వచ్చి ఇల్లు కట్టుకున్నాం. గిన్నెలు తోమడానికి ఒక పిల్ల వస్తుంది. ఒకరోజు మధ్యాహ్నం ఆ పిల్లకు అన్నం పెడుతున్నా. చూసుకుంటే, తలుపు దగ్గర కింద కూర్చోబెట్టినా, విడిగా పెట్టిన తట్టలో వేస్తున్నా, మేమందరం తినగా మిగిలింది వేస్తున్నా. నేనే. ఎవరూ చెప్పలేదు, నా చెయ్యి దానంతట అదే చేస్తా ఉంది. గరిటె అట్లే పట్టుకుని నిలబడిపోయినా. ఆ పిల్ల "ఏమక్కా?" అంది.

అనుభవించినోళ్లకు తెలుస్తుంది అంటారు. నేను అనుభవించినా. నాకు తెలియలేదు. రెండేళ్లు ఆ పిల్లకు అట్లే పెట్టినా. ఇప్పుడు ముందు తనకు తీసి మూత పెడతా. అయినా ఒక్కోరోజు మరిచిపోతా. అయ్యవారూ, మీరు బాధపడొద్దు. పద్యం తెలిసినందువల్ల గుర్తుంటుందని లేదు, తెలియనందువల్ల మరిచిపోతారనీ లేదు.

సీమ అయ్యవారు · ప్రొద్దుటూరు · సోమవారం రాత్రి 11:10

అమ్మా, నీ మూత పెట్టిన గిన్నె ముందు నా ముప్పై రెండేళ్ల పాఠం చిన్నది.

పాపాఘ్ని నాయనా, నా తరగతిలో కూడా వెనక బెంచీలు ఉండేవి. అక్కడ ఎవరు కూర్చునేవాళ్లో నాకు తెలుసు. నేను కూర్చోబెట్టలేదు, వాళ్లే కూర్చునేవాళ్లు అని ఇన్నాళ్లూ అనుకున్నాను. లేచి ముందుకు రండిరా అని నేను అనలేదు.

బోరు బండి · ధర్మవరం · మంగళవారం ఉదయం 6:30

చీనీ తోట అన్నకు పని మాట. మన దగ్గర కింద ఉండేది నల్లబండ. నీళ్లు ఉండేది బండ సందుల్లో. మీ బోరుకు తగిలిన సందు, ఆయన పాత బోరుకు తగిలిన సందు ఒకటేనా కాదా అనేది పైనుంచి ఎవరికీ తెలియదు. ఒకటే అయితే మీరిద్దరూ తాగింది ఒకే గిన్నెలో నీళ్లు. ఇంకా లోతుకు వేయొద్దు, ఆయన్నీ వేయనీయొద్దు, ఇద్దరివీ పోతాయి.

చెట్ల పాదుల్లో వేరుశనగ పొట్టు జానెడు మందాన పరచండి. తడి నిలబడుతుంది. బతకడానికే కాబట్టి కాయ, పూత దులిపేయమనండి. రెండు తోటలకూ అట్ల చేస్తే మీ నీళ్లు మిగులుతాయి, ఆయనకు అవే సరిపోవచ్చు.

చీనీ తోట · అనంతపురం జిల్లా · శనివారం రాత్రి 8:20

అందరికీ. మంగళవారం పొద్దున ఇవన్నీ చదివినా గానీ, జవాబు రాయలేదు. ఇప్పుడు మళ్లీ మొత్తం చదివినా.

బుధవారం పొద్దున నేనే ఆయన చేనికి పోయినా. ఆకులు ముడుచుకోవడం మొదలైంది. ఆయన చెట్ల మధ్య కూర్చుని ఉన్నాడు, ఊరికే. నేను నీళ్ల మాట ఎత్తకుండా, "ఆనాడు ఎందుకు ఇయ్యలేదు?" అని అడిగినా. పదకొండేళ్లుగా ఈ ఒక్క మాట అడగలేదు. పెళ్లిళ్లలో ఎదురుపడినా, చావులకు ఒకే పాడె మోసినాం, ఇది మాత్రం అడగలేదు.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "భయమేసిందన్నా. నీకిస్తే నాది కూడా ఎండిపోతాదని భయమేసింది. మడిలో నీళ్లు చూసి నువ్వు ఏమనుకున్నావో నాకు తెలుసు. రాత్రి లేచి లేచి పోయి బోరు పోస్తోందా అని చూసుకునేవాణ్ణి."

గురువారం ఆయన మా మెట్టు మీద కూర్చుని అడిగినప్పటి నుంచి నేను రాత్రుళ్లు లేచి పోయి చూస్తున్నది అదే. మూడు రాత్రులు నిద్ర లేదని ఇక్కడ రాసినా గానీ, లేచి ఏం చేస్తున్నానో రాయలేదు. టార్చి వేసి పైపు నోటి దగ్గర చెయ్యి పెట్టి చూస్తున్నా.

బోరు బండి తమ్ముడు చెప్పినట్టే అనుకున్నాం. ఐదు రోజులకొకసారి రెండు గంటలు. నా బోరు ఒకటిన్నర ఇంచుకు పడితే ఆపేస్తాం, ఆయన మారుమాట అనడు. ఇద్దరం కొత్త బోరు వేయం. పొట్టు ఆయన తెచ్చినాడు, రెండు తోటలకూ. మావాడు నాతో మాట్లాడడం లేదు. ఎర్రమల అన్న రాసింది వాడికి చదివి వినిపించినా. లేచి బయటికి పోయినాడు, కానీ సాయంత్రం పైపులు జాయింట్ చేయడానికి వాడే వచ్చినాడు. ఏం మాట్లాడలేదు.

పాపాఘ్ని తమ్ముడూ, నువ్వు అడిగినదానికి. కాలనీ ఆడోళ్లు నా మోటారు ఆడేటప్పుడు బిందెలు తెచ్చేవాళ్లు. డ్రిప్పు ప్రెషర్ పడిపోతుందని పోయిన వేసవిలో నేనే గేటుకు తాళం వేసినా. అప్పుడు అది నాకు తప్పుగా కనబడలేదు. అక్కడ ఎవరూ అడగలేదు కాబట్టి, నేను కాదనలేదనే అనుకున్నా. నిన్న గేటు బయట రోడ్డు వైపుకు ఒక కుళాయి దించినాం. పొద్దున మోటారు ఆడినంతసేపూ తెరిచే ఉంటుంది.

రాగిసంగటి · కదిరి · శనివారం రాత్రి 8:41

అన్నా, ఆయన పూచీ ఏమైనా రాసిచ్చినాడా?

చీనీ తోట · అనంతపురం జిల్లా · శనివారం రాత్రి 8:50

లేదు తమ్ముడూ. నేను అడగలేదు. మాట తప్పితే అప్పుడు చూస్తా. నువ్వు చెప్పిన భయం నాకు పోలేదు, ఇప్పటికీ ఉంది.

ఈ పొద్దు ఉదయం కరెంటు రాగానే గేటు వాల్వు తిప్పినాం. పైపులో ముందు గాలి బుసకొట్టింది, తర్వాత ఎర్రటి నీళ్లు, ఆ తర్వాత తేట నీళ్లు. ఆయన ఒక్కో చెట్టు దగ్గరా వంగి, డ్రిప్పర్లు పడుతున్నాయా లేదా అని వేలు పెట్టి చూసుకుంటా పోయినాడు. పద్నాలుగు వరుసల్లో తొమ్మిది తడిసినాయి, అంతలో రెండు గంటలు అయిపోయింది. ఆయనే వచ్చి వాల్వు కట్టేసినాడు. మిగిలిన ఐదు వరుసలు గురువారం.